ఆరింటికి వేసిన కుర్చీ

మొన్నీమధ్య ఒక సాయంత్రం డెట్రాయిట్ పక్కన ట్రాయ్‌లో మా అమ్మాయి ఇంట్లో, భోజనాల బల్ల ముందు కూర్చుని, కలిపిన ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగిపోయాను. బల్లకి ఆవల, హాల్లో సోఫా మీద, పక్కింటి తెలుగు పిల్ల ఒక్కతే మాకు వీపు పెట్టి కూర్చుని ఉంది. మా మనవరాలితో ఆడుకోవడానికి బడి నుంచి తిన్నగా వచ్చిన పిల్ల అది, ఆరేడేళ్ళు ఉంటాయేమో, వాళ్ళమ్మ ఇంకా ఆఫీసు నుంచి రాలేదు, ఇక్కడేమో అన్నం వేళయింది. కంచాలు సర్దుతూ నేను ఆ పిల్లకి కూడా ఒకటి పెట్టాను. మా అమ్మాయి ఆ కంచం తీసి మళ్ళీ అలమరలో పెట్టేసి, పిల్ల చేతికి ఐప్యాడ్ ఇచ్చి, సోఫాలో కూర్చోబెట్టి వచ్చింది. ఇదేమిటే అన్నాను. "అమ్మా, ప్లీజ్. వాళ్ళ మామ్‌కి టెక్స్ట్ చేశాను, రిప్లై రాలేదు. అడక్కుండా పెట్టకూడదు. అలర్జీలుంటాయి," అని, ఇంక ఆ సంగతి అయిపోయినట్టు పప్పు వడ్డించడం మొదలుపెట్టింది.

నా ఈడువాళ్ళు మీరే చెప్పండి, ఎదురుగా పసిపిల్లని కూర్చోబెట్టుకుని మనకి ముద్ద దిగుతుందా? మన ఇళ్ళలో వాకిట్లో కుక్క తోకాడిస్తూ నిలబడినా దానికో ముద్ద పడేసి గానీ మనం తినేవాళ్ళం కాదు, పిల్లల కళ్ళెదుట తింటే దిష్టి తగిలి కడుపునొప్పి వస్తుందని మా అమ్మమ్మ భయపెట్టేది కూడాను. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అయితే ఆ మంట మా అమ్మాయి మీద కాదు, ముప్ఫై అయిదేళ్ళ కిందట మాకు పక్కింట్లో ఉండిన ఒక డచ్చావిడ మీద. ఆవిడ ఉందో పోయిందో నాకు తెలియదు. పోయి ఉన్నా నా కోపం మాత్రం పోలేదని ముందే చెప్పేస్తున్నాను, ఇందులో క్షమాపణలూ కౌగిలింతలూ ఉంటాయని ఎవరూ ఆశపడకండి.

మిషిగన్‌లో పడమటి వైపు, పెద్ద సరస్సుకి దగ్గరగా, హాలెండు నుంచి వలస వచ్చినవాళ్ళు కట్టుకున్న ఊళ్ళు కొన్ని ఉన్నాయి. ఆఫీసు కుర్చీలూ బల్లలూ తయారుచేసే ఫ్యాక్టరీలో మావారికి ఇంజనీరు ఉద్యోగం దొరికి, అలాంటి ఊళ్ళో ఒకదానికి చేరాం. ఎటు చూసినా డచ్చివాళ్ళే, ఎవరి పేరు చూసినా నోరు తిరగని పేరే, మాకు ఒక్క తెలుగు మాట వినపడాలంటే కారేసుకుని డెట్రాయిట్ వైపు గంటలకి గంటలు రావలసిందే. మాది బందరు. బందరులో వలందపాలెం అని ఒక పేట ఉంది, వలందవాళ్ళంటే డచ్చివాళ్ళేనట, ఏనాడో మా ఊరొచ్చి అద్దకం బట్టలు ఓడలకెత్తుకుని, సమాధులు మాత్రం మాకు మిగిల్చి పోయారు. ఈ ఊరి సంగతి చెబితే మా నాన్నగారు ఫోనులో పడీ పడీ నవ్వారు, వాళ్ళు మన ఊరొచ్చారు, నువ్వు వాళ్ళ ఊరెళ్ళావు, చెల్లుకు చెల్లు అని. ఎక్కడి చెల్లు నాన్నగారూ! మన బందరులో వాళ్ళని పక్కగదిలో కూర్చోబెట్టి మనవాళ్ళెవరైనా భోంచేశారా?

మా పక్కింటి డచ్చావిడ చిన్నతనంలో అమ్మానాన్నలతో ఓడ మీద వచ్చిందట. నేనెరిగేనాటికి నడివయసు మనిషి, కర్రలా నిటారుగా నడిచేది, నవ్వితే ఏదో పోతుందన్నట్టు ఉండేది. ఇంటి ముందు వైపు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా పెద్ద గాజు కిటికీ, దానికి తెరలు ఉండీ వేసేది కాదు, దీపాలు పెట్టాక ఇల్లంతా సినిమా తెర మీద బొమ్మలా కనిపించేది. దాచుకోవలసింది ఏమీ లేదని చూపించడానికి అలా తీసి పెడతారనీ, తీసి పెట్టారు కదా అని ఎవరైనా లోపలికి చూస్తే మాత్రం మహాపరాధమనీ తరవాతెప్పుడో తెలిసింది. తెరలు తీసేది మీరు, కళ్ళు మూసుకోవలసింది మేమూనా?

చేరిన వారంలోనే సున్నుండలు చేసి గిన్నెలో పెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. ఆవిడ తలుపు సగమే తీసి, ఏం జరిగింది, ఎవరికైనా ఒంట్లో బాగాలేదా అని అడిగింది. ఏమీ జరగలేదు, ఊరికే వచ్చాను అన్నాను. ఊరికే రావడమన్నది ఆ ఊళ్ళో లేదు. గిన్నె అందుకుని, గోడకున్న క్యాలెండరు వైపు ఒకసారి చూసి, గురువారం పదిన్నరకి కాఫీకి రమ్మని చెప్పి తలుపేసింది. సరే పోనీ అని గురువారం వెళితే, కాఫీ ఇచ్చి, బిస్కెట్ల డబ్బా మూత తీసి నా ముందు పెట్టింది. మనం మొదటిసారి అడిగితే తీసుకుంటామా, మొహమాటానికి వద్దండీ అన్నాను. టప్పున మూతపడింది. ఇంకొకసారి అడుగుతుందేమోనని నేను చూస్తూనే ఉన్నాను, డబ్బా అలమరలోకి వెళ్ళిపోయింది. రెండోసారి వెళ్ళినప్పుడు సిగ్గు విడిచి చప్పున ఒకటి తీసుకున్నాను, అప్పుడూ టప్పున మూతపడింది, తెలిసిందేమిటంటే ఒక కాఫీకి ఒక బిస్కెట్టు, రెండోదానికి చెయ్యి చాపడం దొంగతనానికి తక్కువా ఆశపోతుతనానికి ఎక్కువా. నా సున్నుండల గిన్నె తళతళలాడేలా తోమి, ఖాళీగా చేతిలో పెట్టింది. ఖాళీ గిన్నె! ఇంత పంచదారో, నాలుగు చింతపండు రెబ్బలో, ఏమీ లేకపోతే ఒక పువ్వో వేసి ఇచ్చే ఇళ్ళలో పుట్టినదాన్ని, ఆ గిన్నె మోసుకుని నాలుగడుగులు నడిచి ఇంటికొచ్చేసరికి తల కొట్టేసినట్టయింది.

ఆదివారం దండెం మీద బట్టలు ఆరేస్తే ఫోను చేసి, ఈ ఊళ్ళో ఆదివారం బట్టలు ఆరేయరు అంది. మావారు ఆదివారం గడ్డి కోస్తే, చర్చి నుంచి నడిచొచ్చేవాళ్ళంతా దొమ్మరాట చూసినట్టు నిలబడి చూశారు. మా అమ్మాయి వాళ్ళ క్లాసు కంటే పైవాళ్ళ పుస్తకాలు చదివేస్తోందని మురిసిపోతూ చెబితే, ఆవిడ కాఫీ కలుపుతూ తలెత్తకుండా, మామూలు పిల్లే, అందరిలాంటిదే అంది. ఉన్నమాట మొహాన్నే అనేయడం వాళ్ళకి గొప్ప, మన పిల్ల గురించి మనం ఒక మంచి మాట అనుకోవడం తప్పు. అసలు తల మిగతావాళ్ళకంటే అంగుళం పైకెత్తితే వాళ్ళకి గిట్టదు. ఇన్నీ ఓర్చుకున్నానంటే ఒకటే కారణం, ఆవిడ చిన్న కూతురూ మా అమ్మాయీ ప్రాణస్నేహితులయ్యారు, ఇద్దరికీ ఒకటే ఈడు, ఆ ఊళ్ళో నా బిడ్డకి ఉన్నది ఆ ఒక్క స్నేహం.

నా భయం కూడా అక్కడే ఉండేది. పగలంతా బడి, సాయంత్రమంతా ఆ ఇల్లు, ఇది మన పిల్లగా పెరుగుతుందా వాళ్ళ పిల్లగా పెరుగుతుందా అని. నా చేతిలో ఉన్నది అన్నం ఒక్కటే. దానికి ఎనిమిదో ఏడు వచ్చేదాకా నా చేత్తోనే తినిపించాను, ఇల్లంతా పరిగెత్తితే కంచం పట్టుకుని వెనకాలే పరిగెత్తాను, మంచం కింద దూరితే నేనూ వంగాను, నాన్న ముద్ద, తాతయ్య ముద్ద, బందరు అమ్మమ్మ ముద్ద, ఇదొక్కటే ఆఖరు అంటూ ఆఖరు ముద్దలు ఎన్ని పెట్టేదాన్నో. పప్పులో నెయ్యి, పెరుగులో ఆవకాయ బద్ద, తింటూ తింటూ పిల్ల కళ్ళు మూతలు పడుతుంటే నా కడుపు నిండేది. అలా తినిపించిన తల్లులు మీలో ఎంతమంది లేరు!

ఒక చలికాలం సాయంత్రం చీకటిపడి మంచు కురుస్తోంది, ఆరయింది, పిల్ల ఇంకా రాలేదు. మామూలుగా అయిదున్నరకే ఆవిడ పంపించేసేది, మా భోజనం వేళయింది వెళ్ళమ్మా అని వాకిట్లోంచి సాగనంపేది, దానికే నాకు ఒళ్ళు మండేది. ఆ వారమంతా మాత్రం కొంచెం ఆలస్యంగా వస్తోంది, కనిపెట్టాను గానీ ఆడుకుంటోంది కదా అని ఊరుకున్నాను. ఆ రోజు ఉండబట్టలేక శాలువా కప్పుకుని బయల్దేరాను. వాళ్ళ మెట్ల దాకా వెళ్ళాను, తలుపు తట్టబోతూ ఆ గాజు కిటికీలోకి చూశాను. చూశాను, అవును, చూడకూడని వైపు కళ్ళు పెట్టుకుని చూశాను. లోపల దీపం కింద బల్ల చుట్టూ మొగుడూ పెళ్ళాం పిల్లలూ తలలు వంచుకుని ప్రార్థన చేసుకుంటున్నారు, మధ్యలో గిన్నెలోంచి పొగలొస్తున్నాయి. పక్కనున్న ముందుగదిలో, తలుపు తెరిచే ఉంది, గోడ వైపు తిప్పి ఒక కుర్చీ వేసి ఉంది. ఆ కుర్చీలో నా కూతురు కాళ్ళు నేలకి అందక వేలాడదీసుకుని, వీపు ఇటు పెట్టి, ఒక్కతే కూర్చుని ఉంది.

ఆ వీపు నేను చచ్చేదాకా మరిచిపోను. తట్టలేదు, తలుపు తోసుకునే వెళ్ళాను. ఫోను చేయకుండా, భోజనం వేళలో, మంచు బూట్లతో వాళ్ళ తివాచీ మీదికి, అంటే వాళ్ళకున్న నిషేధాలన్నీ ఒక్క అడుగులో తొక్కేశాను. పసిపిల్లని గోడకేసి కూర్చోబెట్టి మీరు మెక్కుతున్నారా, మీ దేవుడికి కళ్ళున్నాయా అని, సగం ఇంగ్లీషూ సగం తెలుగూ, ఏమన్నానో నాకే తెలియదు. వాళ్ళాయన చెంచా కింద పెట్టాడు. ఆవిడ మాత్రం లేచి నిలబడి, కంఠం ఒక్క పిసరు పెంచకుండా, ఈ ఇంట్లో ఎంతమంది ఉన్నారో అన్ని బంగాళాదుంపలే ఉడికిస్తాను, ఈ పిల్ల భోజనం మీ ఇంట్లో ఉంది, మిమ్మల్ని అడక్కుండా మీ పిల్లకి పెట్టడమంటే మీరు పెట్టలేరని చెప్పడం, ఆ పని నేను చేయను అంది. ఇంకేదో అనబోయి, పిల్ల వైపు చూసి, నోరు మూసుకుంది. మా అమ్మాయి ఏడుపు లంకించుకుంది. ఆకలికి ఏడుస్తోందనుకున్నాను, అవమానానికి ఏడుస్తోందనుకున్నాను. రెక్క పుచ్చుకుని లాక్కొచ్చి, ఆ పూట కసిగా రోజూ తినేదానికి రెట్టింపు తినిపించాను. వాంతి చేసుకుంది.

ఆవిడ యుద్ధం రోజుల్లో హాలెండులో తిండి దొరక్క పువ్వుల దుంపలు ఉడకబెట్టుకుని తిన్న పిల్ల అని, అందుకే దుంపలు లెక్కపెడుతుందని, వాళ్ళాయన మావారితో ఎప్పుడో అన్నాడట. మావారు అది చెప్పి నన్ను చల్లబరచబోయారు. నాకు ఇంకా మండింది. ఆకలంటే ఏమిటో ఒంటికి తెలిసిన మనిషి ఇంకో పిల్లని అలా ఎలా కూర్చోబెట్టగలిగింది? తెలియనివాళ్ళు చేస్తే పాపం పోనీ అనుకోవచ్చు.

వారం పోయాక ఆవిడ ఫోను చేసి, మాట్లాడాలి, గురువారం నాలుగింటికి రావచ్చా అని అడిగింది. తగవు తీర్చుకోవడానికి కూడా అపాయింట్‌మెంటు! నేను ఫోను పెట్టేశాను. అయినా గురువారం నాలుగింటికి సరిగ్గా వచ్చి తలుపు తట్టింది, నేను తీయలేదు, వంటింట్లో నిలబడి వింటూనే ఉన్నాను. వెళ్ళిపోయాక చూస్తే మెట్ల మీద ఆ బిస్కెట్ల డబ్బా, అంచుల దాకా నిండుగా ఉంది. బిస్కెట్లన్నీ పెరట్లో పక్షులకి పోసి, డబ్బా తళతళా తోమి, ఖాళీదే తీసుకెళ్ళి వాళ్ళ మెట్ల మీద పెట్టాను. కసి తీరిందనుకున్నాను గానీ, ఖాళీ డబ్బా అంటే తిట్టని ఆవిడకేం తెలుసు, ఎంత మర్యాదగా కడిగిచ్చిందో అని సంతోషించి ఉంటుంది. నా జన్మలో నేనిచ్చిన అతి పెద్ద తిట్టు అలా మంచులో పోసినట్టయింది.

ఆ మరుసటి వేసవిలోనే మావారిని పోరి పోరి ట్రాయ్‌కి ఉద్యోగం మార్పించాను. ఇక్కడ తెలుగువాళ్ళు దొరికారు, మా ఇంటికి ఎవరొచ్చినా కంచం పడేది, చదువుకోవడానికి వచ్చిన కుర్రాళ్ళు వారాంతాల్లో ఫోనూ పానూ లేకుండా దిగిపోయి "ఆంటీ, ఏం చేశారు, ఆకలేస్తోంది" అంటూ తిన్నగా వంటింట్లోకి వచ్చేవాళ్ళు. నేను గెలిచాననే అనుకున్నాను. మా అమ్మాయిని వాళ్ళ పిల్ల కాకుండా కాపాడుకున్నానని ఇన్నేళ్ళూ అనుకుంటూనే ఉన్నాను.

ఇదంతా కళ్ళ ముందు తిరిగేసరికి, మొన్న ఆ సాయంత్రం, పప్పన్నం ముద్ద చేత్తో పట్టుకుని లేచి సోఫా వైపు నడిచాను. "అమ్మా, నో," అంది మా అమ్మాయి. అంతే, ఇన్నాళ్ళ కుండ పగిలింది. నిన్ను ఆ మహాతల్లి గోడకేసి కూర్చోబెట్టిన రోజు మరిచిపోయావా, ఆ కుర్చీ మరిచిపోయావా, నువ్వు ఎలా ఏడ్చావో నీకు తెలుసా, ఇప్పుడు నువ్వూ అదే పని చేస్తున్నావే అని పిల్లలున్నారన్న జ్ఞానం కూడా లేకుండా కేకలేశాను. మా అమ్మాయి నన్ను కోపంగా కాదు, చిన్నపిల్లని చూసినట్టు చూసింది.

"ఆ చెయిర్ నాకు గుర్తుంది అమ్మా," అంది. "అది వాల్ కాదు, ఫిష్ ట్యాంక్. ఆరెంజ్ ఫిష్‌లు ఉండేవి. నేనే అడిగాను ఆంటీని, మీ డిన్నర్ అయ్యేదాకా ఇక్కడే ఉంటానని. ఇంటికెళ్తే మళ్ళీ తినాలి కదా, నాకు భయం వేసేది. వాళ్ళ రూల్ ఫైవ్ థర్టీకి పంపించేయడం. నేను ఏడిస్తే ఆవిడే ఆ చెయిర్ వేసింది. ఆ ఇంట్లో నన్ను ఎవరూ తిను తిను అనలేదు."

చేతిలో ముద్ద తీసుకెళ్ళి నా కంచంలో పెట్టేశాను. కిటికీలోంచి నాకు పిల్ల వీపు కనిపించింది, కుర్చీ కనిపించింది, ఆ వీపుకి అవతల ఏముందో కనిపించలేదు, లోపలికి వెళ్ళాక కూడా కోపంలో నేను చూడనే లేదు. తిండి పెట్టడం తప్పని నా నోట రాదు, ఇప్పుడు నా ముందు కూర్చోబెట్టి అడిగినా రాదు. కానీ నాకు నిద్ర పట్టనివ్వనిది ఆ చేపలు కాదు. ఆదివారం బట్టలు ఆరేయకూడదని మొహాన్నే చెప్పిన మనిషి, నీ పిల్ల మామూలు పిల్లే అని మొహాన్నే చెప్పిన మనిషి, నేను తివాచీ మీద మంచు బూట్లతో నిలబడి నోటికొచ్చినట్టు తిడుతుంటే, నీ కూతురు నీ ఇంటికి రానంటోంది అన్న ఒక్క మాట మాత్రం చెప్పలేదు. పిల్ల వైపు చూసి మింగేసింది. చెప్పి చావచ్చు కదా! జన్మలో ఒక్కసారి మొహమాటపడి, అదీ నా దగ్గరే పడి, ముప్ఫై అయిదేళ్ళు ఆవిడని తిట్టుకునే పని నాకు అప్పగించి పోయింది. దీనికి మాత్రం ఆవిణ్ణి ఎలా క్షమించాలో నాకు నిజంగా తెలియడం లేదు.

ఇప్పుడు మా ట్రాయ్‌లో ఎవరూ ఎవరింటికీ ఊరికే వెళ్ళరు. మనవాళ్ళే, మన బందరు గుంటూరు వరంగల్ వాళ్ళే, పదిరోజుల ముందు టెక్స్ట్ పెట్టి, ఏం తింటారు ఏం తినరు అని అడిగి, వచ్చి, లేచి వెళ్ళేటప్పుడు, వెనకటిసారి నేనిచ్చిన డబ్బాలు డిష్‌వాషర్‌లో శుభ్రంగా కడిగినవి ఖాళీగా ఇస్తున్నారు. నేను కూడా మా అమ్మాయి ఇంటికి బయల్దేరే ముందు ఫోను చేస్తున్నాను. వంటింట్లోకి నేరుగా వచ్చి ఆకలేస్తోంది ఆంటీ అనే కుర్రాడు కనబడి ఎన్నేళ్ళయిందో, అలా అడిగించుకోవాలని ఎంత ఉంటుందో నా తోటివాళ్ళకి చెప్పక్కర్లేదు.

ఆ పక్కింటి పిల్ల ఇప్పటికీ మా అమ్మాయి ఇంటికి వస్తుంది, వాళ్ళమ్మకి ఆలస్యమైతే ఆరింటికి సోఫాలో కూర్చుంటుంది. నేను పెట్టను, పెట్టనివ్వరు. అలాగని తినను కూడా. నా కంచం మీద మూతపెట్టి వెళ్ళి ఆ పిల్ల పక్కన కూర్చుంటాను, తను చూసే బొమ్మలు నేనూ చూస్తాను, వాళ్ళమ్మ వచ్చి తీసుకెళ్ళాక చల్లారిన అన్నం తింటాను. మొన్న ఆ పిల్లే నా వైపు తిరిగి, "అమ్మమ్మా, నువ్ తినవా? ఆర్ యూ నాట్ హంగ్రీ?" అని అడిగింది. ఆకలేస్తోందమ్మా, అన్నాను. కొంచెం జరిగి నాకు చోటిచ్చింది.